చందా వేరు, ఖర్చు వేరు

అమెరికాలో ఎన్నికలు వచ్చినప్పుడల్లా మన పత్రికల్లో ‘పాక్’ అనే మాట కనబడుతుంది. పాకిస్తాను సంగతి కాబోలునని మా ఇంట్లోవాళ్లు అనుకున్నారు! కాదు, పొలిటికల్ యాక్షన్ కమిటీకి అది పొట్టిపేరు. తమకు కావలసిన అభ్యర్థుల కోసం డబ్బు పోగుచేసే సంఘమన్నమాట.

దాని పుట్టుక తమాషాగా ఉంటుంది. కంపెనీలు తమ సొమ్ము జాతీయ ఎన్నికల అభ్యర్థులకు ఇవ్వరాదని 1907లోనే చట్టం వచ్చింది. యుద్ధకాలంలో, 1943లో, ఆ నిషేధం కార్మిక సంఘాలకూ తగిలింది. సంఘం సొమ్ము ముట్టుకోవద్దన్నారు గాని, సభ్యులు ఇష్టపడి ఇచ్చే చందా వద్దనలేదు గదా! సి.ఐ.ఓ. అనే కార్మిక సమాఖ్య వెంటనే వేరే కమిటీ పెట్టి, వేరే హుండీ తెరిచింది. మొదటి పాక్ అదేనంటారు. తరువాత కంపెనీలూ ఆ దారే పట్టాయి. ఉద్యోగులు, వాటాదారులు ఇస్తారు; కమిటీ పంచుతుంది. పలువురు అభ్యర్థులకు సాయపడే పాక్ ఒక్కొక్కరికి, ఒక్కొక్క ఎన్నికకు 5,000 డాలర్లకు మించి ఇవ్వరాదని 1974లో కట్టడి చేశారు. ఆ హద్దు నేటికీ మారలేదు.

ఇంతవరకూ బాగానే ఉంది. 1976లో సుప్రీంకోర్టు చందా వేరు, ఖర్చు వేరు అన్నది. అభ్యర్థి చేతికిచ్చేదానికి హద్దు పెట్టవచ్చు. అతనితో సంప్రదించకుండా ఎవరికివారు చేసే ప్రచారానికి పెట్టరాదు. మాటల అర్థభేదాలు చెప్పి బతికేవాణ్ణి, నాకే ఇది మరీ సన్నని గీతగా తోచింది. 2010లో ఆ గీత మీదనే మరి రెండు తీర్పులు వచ్చాయి. కంపెనీలూ, సంఘాలూ అలా ఖర్చు చేయవచ్చు. అలాంటి ఖర్చే చేసే కమిటీ ఎంత చందా అయినా పుచ్చుకోవచ్చు. అవే ‘సూపర్ పాక్’లు. అభ్యర్థికి ఒక్క డాలరు ఇవ్వరాదు, అతని పక్షాన కోట్లు గుమ్మరించవచ్చు! వీధిగుమ్మానికి తాళం వేసి, దొడ్డితలుపు తీసి ఉంచడమంటే ఇదే. 2024లో ఎలాన్ మస్క్ ఒక్కడే ‘అమెరికా పాక్’కు 20 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చాడు. నెలజీతంలోంచి పది డాలర్లు ఇచ్చే గుమాస్తా మాట ఇక ఎవరి చెవిన పడుతుంది?

సంప్రదించుకోలేదని నమ్మడమెలా? స్టీఫెన్ కోల్బేర్ అనే హాస్యనటుడు 2011లో ఎన్నికల కమిషను అనుమతితో నిజంగానే ఒక సూపర్ పాక్ పెట్టాడు. 2012 జనవరిలో, తానే పోటీ ఆలోచనలో ఉన్నానంటూ, లాయరును పక్కన పెట్టుకుని టెలివిజన్‌లో అందరూ చూస్తుండగా దాన్ని స్నేహితుడు జాన్ స్టువర్ట్‌కు అప్పగించాడు. జనం విరగబడి నవ్వారు. చట్టం మాత్రం అడ్డురాలేదు.

మన పిల్లలు అనేకులు అక్కడున్నారు గనుక ఒక మాట. హెచ్-1బి వీసా మీద ఉన్నవారు ఏ పాక్‌కూ చందా ఇవ్వరాదు. గ్రీన్ కార్డు వస్తే ఇవ్వవచ్చు. జాతీయ ఎన్నికల్లో వోటు మాత్రం పౌరసత్వం వచ్చాకనే. ఆఫీసులో ఎవరైనా చందా అడిగితే, ముందు తన కార్డు సంగతి చూసుకోమని మీ అబ్బాయికి చెప్పండి.