సంధి పత్రాలు - శాంతి పథాలు

యుద్ధం ఆగడం వేరు. శాంతి నెలకొనడం వేరు. ఆయుధాలు అలసినప్పుడు యుద్ధం ఆగుతుంది. అన్యాయానికి గురి అయ్యామన్న వేదన ఉపశమించినప్పుడే శాంతి నిలుస్తుంది. ఈ భేదాన్ని స్పష్టంగా బోధించే చరిత్రలలో ఇజ్రాయెలీల, పాలస్తీనీయుల చరిత్ర ఒకటి. మధ్యధరా సముద్రానికీ, జోర్డాన్ నదికీ నడుమ ఉన్న ఆ భూభాగం వైశాల్యం సుమారు 27 వేల చదరపు కిలోమీటర్లు మాత్రమే. యూదులు, క్రైస్తవులు, ముస్లింలు ముగ్గురికీ పవిత్రమైన జెరూసలేం నగరం అక్కడే ఉన్నది. ఆ నేలను తమ మాతృభూమిగా భావించే రెండు జాతులు నేడు సంఖ్యలో దాదాపు సమానంగా అక్కడ నివసిస్తున్నాయి. ఒకరు మరొకరిని అక్కడ లేకుండా చేయడం అసాధ్యం. కాబట్టి కలిసి బ్రతికే మార్గాన్ని అన్వేషించడం వారికి ఆదర్శం మాత్రమే కాదు, అనివార్యం.

నాలుగు శతాబ్దాలపాటు ఒట్టోమన్ తుర్కుల ఏలుబడిలో ఉన్న పాలస్తీనా, మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ వారి వశమైంది. ఆ రణరంగంలో బ్రిటిష్ సేనల పక్షాన నిలిచిన భారతీయ అశ్విక దళాలలో హైదరాబాద్ సంస్థానానికి చెందిన దళం కూడా ఉండేది. యూదులకు పాలస్తీనాలో జాతీయ నివాసం ఏర్పడడానికి తోడ్పడతామని 1917లో బ్రిటిష్ ప్రభుత్వం బాల్ఫోర్ ప్రకటన ద్వారా వాగ్దానం చేసింది. ఐరోపాలో శతాబ్దాలుగా అవమానాలకు, ఊచకోతలకు గురి అవుతున్న యూదులకు అది ఆశాకిరణమైంది. తరతరాలుగా అక్కడే సేద్యం చేసుకుంటున్న అరబ్బులకు మాత్రం, తమను అడగకుండానే తమ ఇంటిని పంచిపెట్టినట్లు తోచింది. హిట్లర్ కాలంలో నాజీలు అరవై లక్షల మంది యూదులను సంహరించిన తరువాత, తమకొక దేశం ఉండి తీరాలన్న యూదుల సంకల్పం మరింత దృఢపడింది.

1947 నవంబరు 29న ఐక్యరాజ్య సమితి సర్వప్రతినిధి సభ పాలస్తీనాను యూదు, అరబ్బు రాజ్యాలుగా విభజించాలని తీర్మానించింది. యూదు నాయకత్వం దానిని అంగీకరించింది, అరబ్బులు తిరస్కరించారు. 1948 మే 14న ఇజ్రాయెల్ అవతరించింది. మరునాడే పొరుగు అరబ్బు దేశాల సేనలు యుద్ధానికి దిగాయి. ఆ పోరాటాల కాలంలో సుమారు ఏడు లక్షల మంది పాలస్తీనీయులు ఇల్లూ వాకిలీ కోల్పోయి కాందిశీకులయ్యారు. ఇజ్రాయెలీలకు అది స్వాతంత్ర్య సమరం. పాలస్తీనీయులకు అది 'నక్బా', అనగా మహావిపత్తు. తరువాతి సంవత్సరాలలో అరబ్బు దేశాల నుండి లక్షలాది యూదులు కూడా నిర్వాసితులై ఇజ్రాయెల్ చేరారు. 1967 జూన్‌లో జరిగిన ఆరు రోజుల యుద్ధంలో వెస్ట్ బ్యాంక్, తూర్పు జెరూసలేం, గాజా, సైనాయ్ ద్వీపకల్పం, గోలన్ గుట్టలు ఇజ్రాయెల్ ఆక్రమణలోకి వెళ్ళాయి. అదే ఏడాది భద్రతా సమితి ఆమోదించిన 242వ తీర్మానం, ఆక్రమిత భూమి నుండి వైదొలగడం, ఆ ప్రాంతంలోని ప్రతి దేశపు జీవన హక్కును గుర్తించడం అనే రెండు సూత్రాలను జోడించింది. శాంతి ప్రయత్నాలన్నింటికీ అదే పునాది అయింది.

ఈ సూత్రం ఒకసారి సంపూర్ణంగా ఫలించింది. 1973లో ఇజ్రాయెల్‌తో యుద్ధం చేసిన ఈజిప్టు అధ్యక్షుడు అన్వర్ సాదత్, 1977 నవంబరులో స్వయంగా జెరూసలేం వెళ్ళి శత్రుదేశపు పార్లమెంటులో ప్రసంగించారు. మరుసటి ఏడాది అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ మధ్యవర్తిత్వంలో, క్యాంప్ డేవిడ్‌లో సాదత్, ఇజ్రాయెల్ ప్రధాని మెనాచెం బెగిన్ పదమూడు రోజులు చర్చలు జరిపారు. 1979 మార్చి 26న సంధి కుదిరింది. ఇజ్రాయెల్ సైనాయ్‌లో తాను నిర్మించిన ఆవాసాలను సైతం తొలగించి, 1982 ఏప్రిల్ నాటికి ఆ భూభాగం నుండి వైదొలగింది. నాటి నుండి నేటి వరకు ఆ రెండు దేశాల మధ్య యుద్ధం జరగలేదు. ఒకరికి భూమి, మరొకరికి భద్రత లభించాయి. ఇచ్చినదీ, పుచ్చుకున్నదీ స్పష్టంగా ఉండడమే ఆ సంధి బలం. అయితే పాలస్తీనీయుల సమస్య మాత్రం అందులో పరిష్కారం కాలేదు.

ఆ సమస్యకు 1993లో తొలిసారి ద్వారం తెరుచుకున్నది. నార్వే దేశంలో రహస్యంగా జరిగిన చర్చల ఫలితంగా, ఇజ్రాయెల్ అస్తిత్వ హక్కును పాలస్తీనా విమోచన సంస్థ గుర్తించింది. పాలస్తీనా ప్రజల ప్రతినిధిగా ఆ సంస్థను ఇజ్రాయెల్ గుర్తించింది. 1993 సెప్టెంబరు 13న వాషింగ్టన్‌లో ఇజ్రాయెల్ ప్రధాని ఇట్జాక్ రాబిన్, పాలస్తీనా నాయకుడు యాసర్ అరాఫత్ కరచాలనం చేసిన దృశ్యాన్ని లోకమంతా తిలకించింది. ఓస్లో ఒప్పందంగా ప్రసిద్ధి పొందిన ఈ ఒడంబడిక వల్ల పాలస్తీనీయులకు పరిమిత స్వపరిపాలన లభించింది. మరుసటి ఏడాది రాబిన్, అరాఫత్, షిమోన్ పెరెజ్‌లకు నోబెల్ శాంతి బహుమతి లభించింది.

కాని ఆ ఒప్పందం కఠినమైన ప్రశ్నలన్నింటినీ ఐదేళ్ళ మధ్యంతర కాలానికి అవతలకు నెట్టివేసింది. సరిహద్దులు ఎక్కడ? జెరూసలేం ఎవరి రాజధాని? కాందిశీకుల గతి ఏమిటి? ఆక్రమిత భూమిలోని యూదు ఆవాసాలను ఏమి చేయాలి? భద్రతకు పూచీ ఎవరు? ముందుగా నమ్మకం పెరిగితే ఇవి సులభమవుతాయని ఒప్పందకర్తలు ఆశించారు. జరిగినది దానికి విరుద్ధం. తూర్పు జెరూసలేంను మినహాయించి చూసినా, 1993లో లక్షకు కొంచెం పైగా ఉన్న వెస్ట్ బ్యాంక్ యూదు ఆవాసుల సంఖ్య నేడు ఐదు లక్షలు దాటింది. ఆ భూభాగంలో సుమారు అరవై శాతం ఇజ్రాయెల్ సంపూర్ణ నియంత్రణలోనే ఉండిపోయింది. రాజ్యం వస్తుందని ఎదురుచూసిన పాలస్తీనీయుని కళ్ళ ఎదుటే నేల తరిగిపోసాగింది. ఆత్మాహుతి దాడులలో బస్సులు, బజారులు రక్తసిక్తం కాగా, శాంతి వస్తుందని ఎదురుచూసిన ఇజ్రాయెలీ భయంతో వణికాడు. అప్పును, నిప్పును, పగను శేషం ఉంచరాదని మన పెద్దలు హెచ్చరించారు. వాయిదా వేసిన ప్రశ్న కూడా అటువంటిదే. అది వడ్డీతో సహా తిరిగి వస్తుంది.

మరొక విషాదం గమనింపదగినది. సంధికి సాహసించిన సాదత్‌ను 1981లో ఈజిప్టు తీవ్రవాదులే హతమార్చారు. రాబిన్‌ను 1995 నవంబరు 4న, టెల్ అవీవ్‌లో శాంతిసభ ముగిసిన వెంటనే, ఒక యూదు తీవ్రవాది కాల్చి చంపాడు. 1948లో మన మహాత్ముని బలిగొన్నదీ స్వదేశీయుడి తుపాకియే. శాంతిదూతకు ఎదుటి పక్షం నుండే కాక, తన పక్షం నుండి కూడా ప్రాణాపాయం పొంచి ఉంటుందని ఈ ఉదంతాలు చాటుతున్నాయి.

2000 సంవత్సరంలో క్యాంప్ డేవిడ్‌లో జరిగిన చర్చలు విఫలమయ్యాయి. రెండవ తిరుగుబాటు చెలరేగింది. 2005లో ఇజ్రాయెల్ గాజా నుండి తన సైన్యాన్ని, ఆవాసులను ఉపసంహరించుకున్నది. అయితే అది ఒప్పందం లేని ఏకపక్ష చర్య. 2007లో గాజా హమాస్ వశమైంది. దిగ్బంధం, రాకెట్ దాడులు, బాంబుదాడులు నిత్యకృత్యాలయ్యాయి. 2023 అక్టోబరు 7న హమాస్ జరిపిన దాడిలో ఇజ్రాయెల్‌లో సుమారు 1,200 మంది మరణించారు. 251 మంది బందీలయ్యారు. తదనంతరం ఇజ్రాయెల్ సాగించిన యుద్ధంలో, గాజా ఆరోగ్య శాఖ లెక్కల ప్రకారం, 2025 అక్టోబరు నాటికి 65 వేల మందికి పైగా మరణించారు. వారిలో వేలాది మంది పసిపిల్లలు. 2025 అక్టోబరులో కాల్పుల విరమణ కుదిరి, జీవించి ఉన్న బందీలు ఇళ్ళకు చేరారు. అయినా మరణాలు పూర్తిగా ఆగలేదు. వాయిదా పడిన ప్రశ్నలు యథాతథంగా నిలిచి ఉన్నాయి.

మరి మార్గమేది? పరిష్కార సూచనలకు కొరత లేదు. 1967 నాటి సరిహద్దు ప్రాతిపదికగా రెండు స్వతంత్ర దేశాలు ఏర్పడాలన్నది బహుళ ప్రచారం పొందిన మార్గం. ఇజ్రాయెల్ ఆక్రమిత భూభాగాల నుండి వైదొలగి, పాలస్తీనా రాజ్యాన్ని అంగీకరించి, కాందిశీకుల సమస్యకు న్యాయమైన పరిష్కారం చూపితే, దానితో సాధారణ సంబంధాలు నెలకొల్పుకుంటామని 2002లో బీరూట్ సమావేశంలో అరబ్బు దేశాలు ప్రకటించాయి. ఇరుపక్షాల ప్రముఖులు 2003లో జెనీవా ప్రణాళిక అనే నమూనా ఒప్పందాన్ని రచించారు. కొన్ని ఆవాసాలను ఇజ్రాయెల్‌లో ఉంచి, బదులుగా అంతే భూమిని పాలస్తీనాకు ఇవ్వాలనీ, జెరూసలేం ఉభయులకూ రాజధాని కావాలనీ అది సూచించింది. ఆవాసాలు ఇంతగా విస్తరించాక విభజన అసాధ్యమనీ, అందరికీ సమాన హక్కులు గల ఒకే రాజ్యం కావాలనీ కొందరు వాదిస్తున్నారు. అందులో తమ జాతి అస్తిత్వమే కరిగిపోతుందని యూదులలో అధికులు భయపడుతున్నారు. రెండు రాజ్యాలుగా ఉంటూనే రాకపోకలను, వనరులను పంచుకునే సమాఖ్యను మరికొందరు ప్రతిపాదిస్తున్నారు. సూది మోపినంత నేల కూడా వదలబోమనే వారు రెండు వైపులా ఉన్నంత కాలం, ఏ మార్గమైనా కాగితం మీదనే నిలిచిపోతుంది.

భారతదేశానికి ఈ వివాదంతో చిరకాల పరిచయం ఉన్నది. 1938లో గాంధీజీ 'హరిజన్' పత్రికలో యూదుల బాధల పట్ల సానుభూతిని ప్రకటిస్తూనే, అరబ్బుల మీద వారిని బలవంతంగా రుద్దడం తగదని అభిప్రాయపడ్డారు. 1947లో మన దేశం విభజన తీర్మానాన్ని వ్యతిరేకించింది. 1988లో పాలస్తీనాను దేశంగా గుర్తించింది. 1992లో ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు నెలకొల్పుకున్నది.

ప్రభుత్వాలు చేయలేని పనిని కొన్నిచోట్ల ప్రజలు చేస్తున్నారు. జెరూసలేం, టెల్ అవీవ్ నగరాల మధ్య ఒక గ్రామం ఉన్నది. హీబ్రూలో దాని పేరు 'నెవే షాలోమ్'. అరబ్బీలో 'వాహత్ అల్ సలామ్'. రెండింటి అర్థమూ శాంతి ఒయాసిస్సే. ఇజ్రాయెల్ పౌరులైన యూదులు, పాలస్తీనీయులు తమంత తాము ఎంచుకొని అక్కడ కలిసి నివసిస్తున్నారు. వారి పిల్లలు ఒకే బడిలో రెండు భాషలూ నేర్చుకుంటున్నారు. 1995లో ఆరంభమైన 'పేరెంట్స్ సర్కిల్' అనే సంస్థలో, ఈ సంఘర్షణలో ఆప్తులను పోగొట్టుకున్న రెండు జాతుల కుటుంబాలు సభ్యులు. బిడ్డను కోల్పోయిన యూదు తండ్రి, బిడ్డను కోల్పోయిన పాలస్తీనా తండ్రి ఒకే వేదిక మీద కూర్చుని విద్యార్థులతో మాట్లాడతారు. ప్రతీకారం తమ బిడ్డలను తిరిగి తీసుకురాలేదని చెబుతారు.

ఇటువంటి ప్రయత్నాలు సరిహద్దులను గీయలేవు. సైన్యాలను వెనుకకు మళ్ళించలేవు. ఆ పని సంధి పత్రాలదే. అయితే ఎదుటివాని దుఃఖాన్ని గుర్తించలేని సమాజంలో సంధి పత్రం ఎక్కువ కాలం బ్రతకదు. క్యాంప్ డేవిడ్ సంధి స్పష్టత విలువను నేర్పింది. ఓస్లో వైఫల్యం వాయిదా ఎంతటి చేటో నేర్పింది. బిడ్డలను పోగొట్టుకున్న తల్లిదండ్రులు సహనాన్ని నేర్పుతున్నారు. పాలస్తీనీయునికి స్వేచ్ఛ లేనిదే ఇజ్రాయెలీకి భద్రత లేదు. ఇజ్రాయెలీకి భద్రత లేనిదే పాలస్తీనీయునికి స్వేచ్ఛ లేదు. ఈ రెండింటినీ ఒకే సత్యంగా ఉభయులూ అంగీకరించిన నాడు ఆ నేల మీద శాంతికి తొలి అడుగు పడుతుంది.

అభ్యాసం

వ్యాసరూప ప్రశ్నలు
1. ఈజిప్టు, ఇజ్రాయెల్ సంధి నిలవడానికీ, ఓస్లో ఒప్పందం విఫలం కావడానికీ గల కారణాలను వివరించండి.
2. ఇజ్రాయెలీల, పాలస్తీనీయుల మధ్య శాంతికి సూచించబడిన మార్గాలను చర్చించండి.

సంగ్రహరూప ప్రశ్నలు
1. 242వ తీర్మానంలోని సూత్రాలు ఏవి?
2. 'నెవే షాలోమ్' గ్రామ విశేషాలను తెలపండి.

సందర్భసహిత వ్యాఖ్యలు
1. అది వడ్డీతో సహా తిరిగి వస్తుంది.
2. తమను అడగకుండానే తమ ఇంటిని పంచిపెట్టినట్లు తోచింది.