ఎర్ర మందు లెక్క

బిడ్డా, నీకు బ్లడ్ క్యాన్సర్ వచ్చి తగ్గి చానా ఏండ్లయింది. అప్పుడు నువ్వు ఇంకా బడికి పోని పిల్లవు. ఇప్పుడు డిగ్రీ అయిపోవచ్చింది, సంబంధాలు వస్తున్నయి. ఇగ ఆ ముచ్చట ఎవరూ ఎత్తొద్దని, ఆసుపత్రి ఫైలు ఇంట్ల కనబడొద్దని మీవోళ్లు అనుకుంటున్నరట. వాళ్ల భయం నాకు అర్థమైతది. కానీ ఆ ఫైలు మాత్రం పారెయ్యొద్దు. ఎందుకో చెప్త, కూసో.

భీమవరంల 1895ల పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి దగ్గర మొదలుపెట్టాలె. మద్రాసుల డాక్టరు చదువు చదివి, అమెరికా పోయి హార్వర్డ్‌ల చేరిండు. కండరానికి శక్తి ఎక్కడి నుంచి వస్తదన్నది అప్పటికి తేలని సంగతి. సైరస్ ఫిస్క్ అనే ఆయనతోటి కలిసి 1927ల ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929ల ఏటీపీని కండరంల పట్టుకున్నడు. గుండె కూడా కండరమే గదా. రోజుకు లక్ష సార్లు కొట్టుకుంటది. దానికోసం కిలోల కొద్దీ ఏటీపీ చేసుకుంటది, అప్పటికప్పుడే ఖర్చు పెడుతది. నిల్వ ఉండేది కొన్ని సెకండ్లకు సరిపోయేంతనే. ఆ ఏటీపీని తయారుచేసేవి కణం లోపల ఉండే మైటోకాండ్రియాలు. ఈ పేరు యాదుంచుకో, మళ్లీ పని పడ్తది.

తర్వాత ఆయన లెడర్లీ అనే మందుల కంపెనీకి మారిండు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది, దానికి ఎదురు పనిచేసే అమినోప్టెరిన్ కూడా తయారుచేసింది. దాన్ని బోస్టన్‌ల సిడ్నీ ఫార్బర్ అనే పిల్లల ఆసుపత్రి డాక్టరు లుకేమియా, అంటే బ్లడ్ క్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఇచ్చిండు. 16 మందిల 10 మందికి కొన్నాళ్లు మెరుగైందని 1948 జూన్‌ల అచ్చేసిన్రు. అప్పటిదాకా ఈ రోగమొస్తే ఎవరి చేతులా ఏమీ లేదు. అదే ఏడాది ఆగస్టుల సుబ్బారావు గారు 53 ఏండ్లకే గుండె ఆగి పోయిండు. గుండె బలం ఎక్కడుందో చూపించిన మనిషి, నీ రోగానికి మొదటి మందు ఇచ్చిన మనిషి ఒక్కడే. నువ్వు వారానికోసారి మొకం వంకర పెట్టుకుంట మింగిన మెథోట్రెక్సేట్ గోలీలు ఆ అమినోప్టెరిన్ వంశమే.

అయితే ఆ గోలీ ఒక్కదానితోటి రోగం మొత్తం పోదు. స్టిరాయిడ్, విన్‌క్రిస్టిన్, ఆస్పరాజినేస్ ఇచ్చిన్రు. వాటితోపాటు నరానికి ఎర్ర మందు ఎక్కించిన్రు. డౌనోరుబిసిన్, డాక్సోరుబిసిన్ అని రెండు రకాలుంటయి. ఇటలీ మట్టిల దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి 1960లల తీసిన మందులివి. ఎక్కించిన నాడు నీ మూత్రం ఎర్రగ వస్తే నెత్తురనుకొని మీ అమ్మ వార్డంతా ఉరికింది. అది మందు రంగేనని నర్సమ్మ చెప్తే గాని నిమ్మలపడలేదు.

కణం రెండుగ చీలాలంటే డీఎన్ఏ చిక్కులు విప్పుకోవాలె. ఆ పనిచేసే ఎంజైమ్‌ను ఈ మందు కదలనియ్యదు. డీఎన్ఏ తెగుతది, క్యాన్సర్ కణం చస్తది. చిక్కేందంటే, అదే జాతి ఎంజైమ్ గుండె కణంల కూడా ఉంటది. దాంతోని ఇందాక చెప్పిన మైటోకాండ్రియాలు దెబ్బతింటయి, కొన్ని కణాలు పోతయి. ఊడిన జుట్టు మళ్లీ వచ్చింది. పడిపోయిన ప్లేట్‌లెట్లు మళ్లీ పెరిగినయి. గుండె కండర కణాలు పోతే మాత్రం కొత్తవి పుట్టుడు దాదాపు ఉండదు. పిల్ల ఎదుగుతుంటే గుండె కూడా ఎదగాలె గదా, ఉన్న కొద్ది కణాలే సాగి పనిచేస్తయి, గోడ పలుచబడ్తది. అందుకే బాగా చిన్నప్పుడు మందు పడ్డోళ్లకు, అందుల ఆడపిల్లలకు, ముప్పు కొంచెం ఎక్కువ.

1991ల బోస్టన్‌ల స్టీవెన్ లిప్‌షుల్ట్జ్ బృందం, లుకేమియా తగ్గిన 115 మంది పిల్లలను పరీక్షించిన లెక్కలు అచ్చేసింది. నూటికి 57 మందిల గుండె పనితీరుల ఎంతో కొంత తేడా కనిపించింది. అప్పుడు డోసులు చానా ఎక్కువుండేవి. ఇట్లాంటి లెక్కలు చూసి డోసులు తగ్గించిన్రు, గుండెను కాపాడే డెక్స్‌రాజోక్సేన్ అనే మందును కొన్ని చోట్ల జతచేసిన్రు. కాబట్టి నీకు తప్పకుండా ఏదో అయితదని కాదు. అయినా పదిహేను, ఇరవై ఏండ్లకు బయటపడే గుణం దీనికుంది. పడేదాకా మనిషికి తెలువదు.

బొగ్గు బాయిల పనిచేసే మీ నాయినను అడుగు. దమ్ము లేదు, దగ్గు లేదు, అయినా కొన్నేండ్లకోసారి పీఎంఈ అనే ఆరోగ్య పరీక్షకు కంపెనీ పిలుస్తది. ఛాతీ ఎక్స్‌రే తీస్తరు. బొగ్గు దుమ్ము ఊపిరితిత్తుల ఏం చేసిందో బాయి దిగినప్పుడే కనబడదు గనుక, బాగున్నోన్నే పిలిచి చూస్తరు. నీకూ అట్లాంటి పీఎంఈ ఒకటి కావాలె. కంపెనీ పిలువదు, నువ్వే పోవాలె.

ఎన్నేండ్లకు పోవాలన్నదే ఆ ఫైలుల ఉంది. ఒంటి వైశాల్యం చదరపు మీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని ప్రతి డోసూ రాసి ఉంటది. అన్నీ కలిపితే 250 దాటినోళ్లకు రెండేండ్లకోసారి, 100కు 250కి నడుమ ఉన్నోళ్లకు ఐదేండ్లకోసారి ఎకో అనే గుండె స్కాన్ తియ్యాలని డాక్టర్లు అనుకున్న పద్ధతి. ఛాతీకి కరెంటు (రేడియేషన్) పెట్టి ఉంటే లెక్క మారుతది. రెండు ఎర్ర మందుల బలం ఒకటి కాదు గనుక ఆ కూడిక డాక్టరే చెయ్యాలె. ఫైలు లేకుంటే ఏం కూడుతడు? పోయిందనుకో, హైదరాబాద్‌ల ఎంఎన్‌జే గానీ, నిమ్స్ గానీ, బసవతారకం గానీ, ఎక్కడ చూపించిన్రో అక్కడికే పోయి పాత నంబరు చెప్పి అడగాలె.

ఎకో అంటే బుగులు పడకు. ఎడమ పక్కకు పండుకోబెట్టి, పక్కటెముకల నడుమ సల్లటి జెల్ రాసి చిన్న యంత్రం ఆనిస్తరు. నీ గుండె కవాటం తెరుచుకునుడు, మూసుకునుడు తెర మీద నీకే కనబడ్తది. రిపోర్టుల ఈఎఫ్ అని ఒక అంకె ఉంటది. గుండె నిండిన నెత్తుట్ల నూటికి ఎంత బయటికి నెట్టిందో చెప్పే అంకె అది. 55 దాటితే మంచిదే. ఈసీజీ తీసి బాగుందన్నరని ఊకోవద్దు, అది ఈ సంగతి చెప్పదు.

గుండె ఒక్కటే కాదు, నెత్తురు నాళాల సంగతి కూడా ఉంది. నెలల తరబడి స్టిరాయిడ్ పడ్డ ఒళ్లు లావెక్కుడు, బీపీ, షుగర్ దిక్కు తొందరగా మొగ్గుతది. తలకు కరెంటు పెట్టినోళ్లకు ఇంకింత. ఎర్ర మందు పడ్డ గుండెకు బీపీ తోడైతే ముప్పు కూడిక కాదు, గుణకారం అయితది. అందుకే ఈ వయసుల ఏడాదికోసారి బీపీ చూపించుకోమంటున్న. మన దగ్గర ఎండ 45 దాటుతది గనుక ఎండాకాలం తెల్లారకముందే నడువు. నడక గుండెకు మేలే చేస్తది. జిమ్ముల బరువులెత్తాలంటే ముందుగాల ఎకో చూసిన డాక్టరును అడుగు.

ఇగ పెండ్లి ముచ్చట. కడుపుతోటి ఉన్నప్పుడు ఆడదాని ఒంట్ల నెత్తురు ఇంచుమించు సగం పెరుగుతది, గుండె అంతా తిప్పాలె. ఎకో బాగున్నోళ్లు చానామంది సుఖంగనే కంటరు. కానీ కాన్పు చేసే డాక్టరమ్మకు ఈ సంగతి ముందే తెలువాలె, గర్భం రాకముందో, వచ్చిన మొదటి మూడు నెలలల్లనో ఒక ఎకో పడాలె. అత్తగారింట్ల చెప్పకుండ దాచిన పిల్ల ఆ పరీక్షకు ఏమని చెప్పి పోతది? అందుకే మీ అమ్మతోటి నేనే మాట్లాడ్త. కట్టుకునేటోనికి ముందే చెప్పాలె. ఎకో రిపోర్టు చేతిల పెట్టి చెప్పాలె. రేపు ఫైలు తీస్కొని రా, ఒక్కొక్క పేజీ ఫోన్‌ల ఫొటో తీసి పెట్టుకుందాం.