ఆ మందూ ఈ మందూ ఒకటే

గోదావరిఖని నుంచి బొగ్గు గనిలో మందు పేల్చే షాట్‌ఫైరర్‌గా చేసి రిటైరైన ఒకాయన అడిగిన ప్రశ్న నెల రోజులుగా నన్ను వదలడం లేదు. "బాయిలో హోళ్లకు మందు కూరిన రోజు తల పగిలిపోయేది. వరుసగా నాలుగు షిఫ్టులు చేస్తే తగ్గేది, సెలవు పెట్టి వస్తే మళ్లీ మొదలు. ఇప్పుడు గుండెనొప్పికి డాక్టరిచ్చిన గోలీ నాలుక కింద పెట్టుకున్నా అదే నొప్పి. ఎందుకు సార్?"

ఎందుకంటే ఆ మందూ ఈ మందూ ఒకటే: నైట్రోగ్లిజరిన్. దాన్ని 1875లో ఆల్‌ఫ్రెడ్ నోబెల్ పేలుడు జిలెటిన్‌గా మార్చాడు. 1879లో లండన్ వైద్యుడు విలియం మరెల్ గుండెనొప్పికి వాడి గుణం చూపించాడు. ముట్టుకున్న చేతి చర్మం గుండా కూడా అది రక్తంలోకి ఇంకుతుంది. ఇంకి ఏం చేస్తుందో తెలియడానికి మరో వందేళ్లు పట్టింది.

ధమని గోడకు మూడు పొరలు. బయట పీచు తొడుగు, నడుమ కండరం, లోపల ఒక్క కణం మందాన అస్తరు. ఆ అస్తరే ఎండోథీలియం. సిరలో కండరం పలచన, కేశనాళికలో దాదాపు అస్తరే మిగులుతుంది. కండరం సడలితే నాళం వెడల్పవుతుంది. వ్యాసార్ధం పదో వంతు పెరిగినా, అదే ఒత్తిడికి ప్రవాహం 46 శాతం పెరుగుతుంది. మరి కండరాన్ని సడలమనేదెవరు? నరాలు, హార్మోన్లు అనుకున్నారు. అస్తరును లెక్కలోకే తీసుకోలేదు.

అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ ఫర్చ్‌గాట్ కూడా పాతికేళ్లు పొరపడ్డాడు. కుందేలు మహాధమని ముక్కకు ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం తగిలితే బిగుసుకుంటుందని 1953లో రాశాడు. 1978లో అదే ముక్క సడలింది! వెతగ్గా వెతగ్గా తేలింది: లోపలి వైపు దేనికీ రాసుకోని ముక్కలే సడలుతున్నాయి. ఇన్నాళ్లూ తెలియకుండానే అస్తరును గీకేస్తూ వచ్చాడన్నమాట. అప్పుడు అస్తరు లేని ముక్కకు అస్తరున్న ముక్కను ఆనించి చూశాడు. లేనిదీ సడలింది! అస్తరులో ఏదో ఊరి, పక్కదానిలోకి పాకుతోంది. 1980లో లోకానికి చెప్పాడు.

ఆ ఏదో నైట్రిక్ ఆక్సైడ్ వాయువు. రక్తం ఒరుసుకుంటూ పారినప్పుడు అస్తరు కణాలు ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం నుంచి దాన్ని తయారుచేస్తాయి. అది కండర కణంలోకి జారగానే అక్కడ కాల్షియం తగ్గి పట్టు వదులవుతుంది. కొన్ని సెకన్లలో వాయువు మాయం. బాయిలో షాట్ పేలాక కమ్ముకునే పొగలోని విషవాయువుల్లో ఇదీ ఒకటి. ఆ పొగ పోయేదాకా బొగ్గు తవ్వే ఫేసు దగ్గరికి ఎవరినీ పోనివ్వరు. అదే వాయువు రవ్వంత రవ్వంతగా మన ఒంట్లో అనుక్షణం పుడుతూ మనల్ని బతికిస్తోంది.

నైట్రోగ్లిజరిన్ నుంచీ ఇదే వాయువు వస్తుందని 1977లో ఫెరిద్ మురాద్ చూపించాడు. సిరలు వదులై గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది, గుండెకు బరువు దిగుతుంది. తలలోని నాళాలూ సాగుతాయి, నొప్పి అందుకే. రోజూ అందితే ఒళ్లు అలవాటుపడుతుంది, విరామమిస్తే ఆ అలవాటు పోతుంది. పూర్వం పేలుడు మందు ఫ్యాక్టరీల కార్మికులు సోమవారం తలనొప్పి తప్పించుకోవాలని ఆదివారం టోపీ పట్టీలో కాస్త మందు పెట్టుకునేవారు.

1998 నోబెల్ బహుమతి ఫర్చ్‌గాట్, మురాద్‌లకూ, ఆ ఏదో నైట్రిక్ ఆక్సైడేనని చెప్పినవారిలో ఒకడైన ఇగ్నారోకూ వచ్చింది. నాళాల కణాలు నైట్రిక్ ఆక్సైడ్‌నే వదులుతాయని 1987లో నిరూపించిన సాల్వడార్ మొంకాడాకు రాలేదు. నా దృష్టిలో అది అన్యాయం.

ఉపయోగం ఏమిటంటారా? రామగుండం ఎండ ముదరక ముందే నడవండి, బీడీ మానండి. నడక అస్తరుకు మేలు, పొగ దానికి చేటు.

అన్నా, నాలుగో షిఫ్టుకు తగ్గిందనీ సెలవు తర్వాత తిరగబెట్టిందనీ మీరు గమనించారే, నైట్రోగ్లిజరిన్ లాంటి నైట్రేట్ గోలీలు రోజూ వాడేవారికి వైద్యులు రోజుకింత విరామం పెట్టేది సరిగ్గా ఆ లెక్క మీదే.