పంతులమ్మ కాబోవు పిల్ల

మన యిండ్లలో ఎదిగిన కుమార్తెయో, క్రొత్తగా కాపురమునకు వచ్చిన కోడలో బి.ఇడి.లోనో డి.ఎల్.ఇడి.లోనో చేరినదనగా అందఱికిని సంతోషమే. ఫీజు ఎంత, పరీక్షలెప్పుడు, డి.ఎస్‌.సి. ప్రకటన ఎన్నడు వచ్చునని యడుగువారు పెక్కురు. కాని ఆ చదువు నడుమ ఆ పిల్ల కొన్ని వారములు పాఠశాలకు బోయి నిజమైన తరగతిలో, నిజమైన పిల్లల యెదుట నిలువవలసి యుండుననియు, అందులకు ముందుగా సిద్ధపడవలసి యుండుననియు తలచువారు తక్కువ. ఈ నెల మేము ఆ సంగతిని గూర్చియే సోదరీమణులతో ముచ్చటింపదలచితిమి.

ఇట్టి శిక్షణము పొందువారిని ఛాత్రోపాధ్యాయులందురు. ఛాత్రుడనగా విద్యార్థి; పేరులోనే రెండు వేషములును కలవు. బి.ఇడి. ఒక్క యేటి చదువుగా నున్న దినములలో రెండు విషయములలో ఇరువదేసి పాఠములు చెప్పి, వానిని రికార్డులో వ్రాసి చూపుట పరిపాటి. జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2014లో క్రొత్త నియమములు చేసెను. 2015 నుండి బి.ఇడి. రెండేండ్ల చదువయ్యెను. పాఠశాలలో గడపవలసిన కాలము మొత్తము 20 వారములు: మొదటి యేట 4, రెండవ యేట 16. అందు మొదట ఒక వారము తాను పాఠము చెప్పక, అనుభవముగల ఉపాధ్యాయులు చెప్పుచుండగా కూర్చుండి చూడవలయుననియు నియమించిరి. ఈ చివరి మాట చిన్నదిగా గన్పట్టును గాని, మా దృష్టిలో ఆ నియమములలో ఇంతకంటె మేలైనది వేఱొకటి లేదు.

బోధించుచు బోధన నేర్చుట మనకు క్రొత్త గాదు. మన వీథిబడులలో పెద్దపిల్లలు చిన్నపిల్లలచేత ఇసుకలో ఓనమాలు దిద్దించెడివారు. 18వ శతాబ్దము చివర చెన్నపట్టణమున అనాథ బాలుర పాఠశాలను నడపిన ఆండ్రూ బెల్ అను దొర ఈ రీతిని చూచి తన బడిలో ప్రవేశపెట్టెను. తరువాత ఇంగ్లండులో అది మద్రాసు పద్ధతి యను పేరున వ్యాపించెను. 1823లో బళ్లారి కలెక్టరు కాంప్‌బెల్ తన జిల్లా బడులను గూర్చి వ్రాసిన నివేదికలో సైతము ఈ పద్ధతిని మెచ్చుకొనెను. అయితే ఆ దిద్దించు పెద్దపిల్లకు ప్రక్కనే అయ్యవారు కూర్చుండి యుండెడివాడు. తప్పు జరిగిన వెంటనే దిద్దెడివాడు. నేడు మన పిల్లకు ప్రక్కన ఎవరుందురు?

చిక్కంతయు ఇక్కడనే యున్నది. కొన్ని పాఠశాలలలో ఛాత్రోపాధ్యాయులు వచ్చిరనగా అచ్చటి వారికి తీరిక దొరకినట్లే. సెలవు పెట్టినవారి తరగతులన్నియు వీరికప్పగింతురు. వెనుక బల్లపై కూర్చుండి చూచువారుండరు. పిల్ల గడగడ వడకుచు నలువదిమంది యెదుట నిలుచును; గొంతు పోవువఱకు అఱచును; సాయంకాలమింటికి వచ్చి, ‘నాకీ పని చేతకాదమ్మా’ యని యేడ్చును. మఱికొన్ని చోట్ల ఇంతయు నక్కఱలేదు. వ్రాసియుంచిన రికార్డులు అంగడిలో దొరకును. నిరుటివారి పాఠ్యపథకములు ఈ యేటివారికి పనికివచ్చును. హాజరు సంతకము ఎట్లో సమకూడును. మొదటి పిల్ల ధైర్యము కోలుపోవుచున్నది, రెండవ పిల్ల విద్యయే కోలుపోవుచున్నది. తరగతిలోని పిల్లలు మాత్రము రెండు విధములను నష్టపడుచున్నారు, వారికి ఐదవ తరగతి రెండవమాఱు రాదు గదా.

మేమీ మాటలు చెప్పునప్పుడు మా మనస్సులోనున్నది నంద్యాల సీమ. 2022 ఏప్రిల్ 4న కర్నూలు నుండి విడివడి ప్రత్యేక జిల్లా యైనది. నంద్యాలనుండి శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డకు సుమారు 40 కిలోమీటర్ల బాట. రాయలసీమ యను పేరు పుట్టినది నంద్యాలలోనే. 1928లో అచ్చట జరిగిన సభలో ఆ పేరు సూచించిన చిలుకూరి నారాయణరావు పంతులు గారు సైతము కళాశాలలో పాఠము చెప్పుకొని బ్రతికినవారే యని చెప్పుటకు మాకు సంతోషము. కాని పేరుతో చదువు రాలేదు. 2011 జనాభా లెక్కలలో అవిభక్త కర్నూలు జిల్లా స్త్రీలలో చదువను వ్రాయను నేర్చినవారు ఇంచుమించు సగముమందియే. అనగా నేడు ఆళ్లగడ్డ ప్రాంతపు బడిలో కూర్చున్న పిల్లలలో పెక్కుర యిండ్ల తల్లులు పుస్తకము తెఱచి సాయము చేయలేరు. ఆ పిల్లలకు పంతులమ్మ చెప్పినదే చదువు. అట్టి తరగతికి మన పిల్లను సిద్ధపఱుపక పంపుట తగునా?

సిద్ధపాటులో మొదటిది ఊరి నెఱుగుట. ఈ సీమలో సంకరజాతి పత్తి విత్తనము పండించు చేలలో సాయంకాలము మొగ్గలు విప్పి, మఱునాటి ఉదయము పుప్పొడి యద్దెడి పని కలదు, క్రాసింగు అందురు. ఆ పనికి ఆడపిల్లలను బడి మాన్పించి పంపుచుండుటను గూర్చి పరిశోధకులు చాల వ్రాసిరి. పొలము పనుల దినములలో తరగతిలో ఖాళీ చోట్లు గనబడినప్పుడు, ‘సోమరులు’ అని హాజరుపట్టీలో గుఱుతు పెట్టి యూరకుండు పంతులమ్మ వేఱు, ఆ పిల్ల యింటికి పోయి తల్లితో మాటాడి వచ్చు పంతులమ్మ వేఱు. ఆళ్లగడ్డకు పోవు పిల్ల అచ్చటి శిల్పుల పనిని ఒకమాఱు చూచి రావలయును. రాయిపై గీతలు గీసి కొలతలు వేయు ఇంట పుట్టిన పిల్లవానికి రేఖాగణితము చెప్పుటకు వానికి తెలిసిన ఉలినుండియే మొదలు పెట్టవచ్చును. ఆ శిల్పులు క్రొత్తగా చేరినవానిచేత ముందు రాయి చదును చేయింతురు. దేవుని ముఖము చెక్కుటకు ఉలి యీయరు. మన శిక్షణములో మాత్రము మొదటి దినముననే ముఖము చెక్కుమనుచున్నాము.

రెండవది భాష. పుస్తకములో వేరుసెనగ యని యుండును. నంద్యాల వైపు పిల్లకది బుడ్డలు. ఉల్లిపాయ యని యుండును. పిల్ల యింట అది ఎఱ్ఱగడ్డ. ‘తప్పు, అట్లనరాదు’ అని మొదటి పలుకుననే గద్దించినచో ఆ పిల్ల ఆ నెలంతయు నోరు విప్పదు. రెండు మాటలును బల్లపై వ్రాసి, ఇంటిమాట యిది, పుస్తకపు మాట యిది యని చూపిన చాలును. నంద్యాల పట్టణమున ఉర్దూ మాటాడు కుటుంబములు విస్తారముగా నున్నవి. వారి పిల్లలు తెలుగుబడిలో చేరినపుడు ఈ జాగ్రత్త మఱింత వలయును. 2020 నుండి మన రాష్ట్రమున పాఠ్యపుస్తకములు ఒక ప్రక్క తెలుగు, ఒక ప్రక్క ఇంగ్లీషుగా అచ్చయినవి. ఏ ప్రక్కనుండి మొదలుపెట్టి ఏ ప్రక్కకు పోవలయునో పాఠమునకు ముందే నిశ్చయించుకొనని పంతులమ్మ రెంటి నడుమ తడబడును.

మూడవది మేము మిక్కిలి ముఖ్యమని తలచునది: పిల్ల యెక్కడ తప్పుచేయునో ముందుగా నెఱుగుట. ఉదాహరణమునకు 42లో నుండి 17 తీసివేయుమని చెప్పుడు. చాలమంది పిల్లలు 35 అని వ్రాయుదురు. ఏలన రెంటిలో నుండి ఏడు పోదు గనుక, తలక్రిందుగా ఏడులో నుండి రెండు తీసి ఐదు వేయుదురు. నాలుగులో ఒకటి తీసి మూడు వేయుదురు. ఇది అజాగ్రత్త గాదు, వారికొక లెక్క తోచినది, ఆ లెక్క తప్పు. ఈ సంగతి యెఱుగని పంతులమ్మ ‘సరిగా చేయి’ అని పదిమాఱులు చెప్పును. ఎఱిగిన పంతులమ్మ చీపురుపుల్లలు తెచ్చును. పదేసి పుల్లల కట్టలు నాలుగు, విడిపుల్లలు రెండు. పదునేడు పుల్లలిమ్మని యడుగును. విడివి చాలవు, పిల్ల తానే ఒక కట్ట విప్పును. అప్పుడు విడిపుల్లలు పండ్రెండు, అందు ఏడు పోగా ఐదు. మిగిలిన కట్టలు మూడు, అందు ఒకటి పోగా రెండు. ఇరువదియైదు! విప్పిన చేయియే అప్పు తెచ్చుకొనుట యననేమో నేర్చినది. దీనికి కావలసిన సామగ్రి ప్రతి యింటి మూలనే యున్నది, చింతగింజలైనను సరియే. మన గృహిణులు పుల్లలు విఱిచి కట్టలు కట్టి యిచ్చినచో పిల్లకు ఒక రాత్రి పని తగ్గును.

సూక్ష్మబోధన యని కళాశాలలలో నొక యభ్యాసము కలదు. 1963లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున మొదలైనది. మన దేశపు పద్ధతిలో ఆఱు నిమిషములు పాఠము, ఆఱు నిమిషములు దోషములు చెప్పుట, పండ్రెండు నిమిషములు తిరిగి సిద్ధపడుట, ఆఱు నిమిషములు మరల పాఠము, ఆఱు నిమిషములు మరల దోషములు: మొత్తము 36 నిమిషములు. తోటి విద్యార్థినులే పిల్లలుగా కూర్చుందురు. వారు అన్నియు తెలిసియే తెలియనట్లు నటింతురు గావున దీనిలో కొంత లోపము లేకపోలేదు. అందుచేత మేము చెప్పునది, ఇంటిలో నాలుగవ తరగతి మఱదియో చెల్లెలో యున్నచో వారికే ఆ ఆఱు నిమిషముల పాఠము చెప్పి చూడవలయును. వారు మొగమాటము లేక ఆవులింతురు. ఆ యావులింతకు మించిన పరీక్షాధికారి లేడు.

ఇక గృహములు చేయవలసినది. 2025 ఆగస్టు 15 నుండి పల్లెవెలుగు మొదలగు ఆర్.టి.సి. బస్సులలో రాష్ట్రపు స్త్రీలకు టిక్కెట్టు లేకపోవుటచే ఖర్చు భారము తగ్గినది. కాలభారము తగ్గలేదు. నంద్యాలనుండి ఆళ్లగడ్డకు పోయి వచ్చు కోడలు తెల్లవాఱక మునుపే లేచి వంటచేసి, బస్సెక్కి, దినమంతయు నిలుచుండి, చీకటిపడువేళకు వచ్చి మరల పొయ్యి ముట్టింపవలసినదైనచో మఱునాటి పాఠమెప్పుడు సిద్ధము చేయును? ఆ పదునాఱు వారములు ఉద్యోగమే యని తలచి ఒక పూట వంట అత్తగారో మగడో చూచుకొనవలయును. జీతము లేదు గదా యని యనువారికి, ఆ జీతము రేపు వచ్చునది యీ వారములనుండియే యని చెప్పుడు. పెండ్లిండ్లు, వ్రతములు వచ్చినప్పుడు ‘ఒక్కదినమేగా, సంతకము వేయించుకొనవచ్చును’ అని పిల్లను ఆపువారు మన యింటనే యుందురు. ఆపకుడు. సాయంకాలము వచ్చినపుడు ‘పాఠము బాగుగా చెప్పితివా’ అనుటకంటె ‘ఎవరికి అర్థము కాలేదు’ అని యడిగిన ఆమె నిజము చెప్పును.

మఱియొక మాట, తరగతిలో కూర్చుండు పిల్లల తల్లులకు. మీ బిడ్డ వచ్చి ‘కొత్త టీచరమ్మ వచ్చినాది’ అని చెప్పినపుడు, ఈమె నాలుగు నాళ్ల ముచ్చట యని తీసివేయకుడు. మీ బిడ్డకు దూరపు అక్షరములు కనబడవేమో, ఎడమచెవి వినబడదేమో, ఇంట మాటాడు భాష వేఱేమో, ఆ కబురు ఆమెకు మొదటి వారముననే పంపుడు. చీటీ వ్రాయరానిచో బడి గుమ్మము దగ్గఱ నిలిచి నోటితోనే చెప్పుడు.