ఎక్కువైతే ఆయిలు కూడా చేటే!



ఈసారి గోడపత్రికకి సైన్సు వ్యాసం రాయమని మాస్టారు చెప్పారు. పుస్తకంలోది ఎత్తి రాయకుండా, నా చేతులతో నేను చేసిన తప్పు గురించే రాస్తున్నాను. నవ్వుకుంటే నవ్వుకోండి గాని విషయం మాత్రం గుర్తుపెట్టుకోండి.

మా చిన్నాన్నకి పాత డీజిల్ జీపు ఉంది. మా ఊరివాళ్లు పాడేరు సంతకి వెళ్లేది అందులోనే. ఎవరికైనా జ్వరమొస్తే ఆసుపత్రికి వెళ్లేదీ అందులోనే. దసరా సెలవుల్లో ఒకరోజు చిన్నాన్న బండి ఆపి, భోజనానికి ఇంట్లోకి వెళ్లాడు. నేను బానెట్ ఎత్తి ఆయిల్ గేజి తీసి చూశాను. ఆయిలు కింది గీతకి కూడా అందలేదు. అయ్యో, తక్కువుందే అనుకుని డబ్బాలో ఉన్న లీటరున్నర మొత్తం పోసేశాను. ఎవరికీ చెప్పలేదు. మంచిపని చేశాననే అనుకున్నాను.

మర్నాడు సంత. బండి నిండా జనం. జ్వరంతో ఉన్న ఒక ముసలమ్మ కూడా ఎక్కింది. పెద్ద ఎక్కుడు దగ్గరికి వచ్చేసరికి సైలెన్సర్ నుండి నీలంపొగ! చిన్నాన్న వెంటనే ఆపేసి కిందికి వంగి చూస్తే ఇంజన్ కింద ఆయిలు కారుతోంది. ముసలమ్మని వేరే బండి ఎక్కించేసరికి గంట పట్టింది. ఆ గంటసేపూ నేను నోరు విప్పలేదు.

మేస్త్రి వచ్చి గేజి చూసి, "ఏటి బాబూ, ఇంత ఆయిలు ఎవుడు పోసేడు?" అన్నాడు. అప్పుడు చెప్పాను. చిన్నాన్న కొట్టలేదు. "పోస్తే పోసేవు. రాత్రే చెప్పుంటే బండి కదిపేవోణ్ణి కాదు గదరా" అన్నాడంతే. దెబ్బ తిన్నా అంత బాధ ఉండేది కాదు.

ఎక్కువైతే ఏమవుతుంది?

ఇంజన్ అడుగున ఆయిలు నిలిచే తొట్టిని చాంబర్ అంటారు. దానికి పైన క్రాంకు అనే బరువైన ఇనుప కడ్డీ నిమిషానికి వెయ్యి, రెండువేల సార్లు తిరుగుతుంటుంది. ఆయిలు సరిగ్గా ఉంటే క్రాంకుకి తగలదు. ఎక్కువైతే తగిలి, మన వంటశాలలో మజ్జిగ చిలికినట్టు చిలికేస్తుంది. నురగ వస్తుంది. ఆయిల్ పంపు ఆ నురగనే తోడుతుంది. నురగలో గాలి కలిసి ఉంటుంది. గాలి ఇనుముని కాపాడలేదు కదా! బేరింగులు అరిగిపోతాయి. లోపల ఒత్తిడి పెరిగి సీళ్ల దగ్గర ఆయిలు కారుతుంది. కొంత ఆయిలు పిస్టన్ పక్కనుండి పైకెక్కి కాలుతుంది. అదే నీలంపొగ.

డీజిల్ బండికి ఇంకో గండం ఉంది. పొంగిన ఆయిలు గాలి పీల్చే గొట్టంలోకి పోతే, ఇంజన్ దాన్నే డీజిలులా కాల్చుకుంటూ తాళం తిప్పినా ఆగకుండా పరుగెడుతుంది.

నేను చేసిన తప్పేమిటి?

మా ఊళ్లో చదును నేల తక్కువ. బండి ముక్కు పైకి ఉంది. అప్పుడు ఆయిలు చాంబర్లో వెనక్కి పోతుంది. మా జీపుకి గేజి ముందువైపు ఉంది కాబట్టి తక్కువ చూపించింది. పైగా ఇంజన్ ఆపిన వెంటనే చూశాను. పైకెక్కిన ఆయిలు ఇంకా కిందికి దిగలేదు.

ఏం చేయాలి?

1. బండిని చదునుగా నిలిపి, ఇంజన్ ఆపి పది నిమిషాలు ఆగాలి. గేజిని గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీసి చూడాలి. రెండు గీతల మధ్య ఉంటే చాలు.

2. తక్కువుంటే కొంచెం కొంచెం పోసి మళ్లీ చూడాలి. చాలా కార్లలో రెండు గీతల మధ్య తేడా సుమారు లీటరే.

3. పై గీతకి వెంట్రుకవాసి ఎక్కువైతే భయం లేదు. బాగా ఎక్కువైతే స్టార్ట్ చేయకూడదు. చాంబర్ కింది నట్టు పానాతో వదులు చేసి కొంత దించాలి. లేదా గేజి కన్నంలో సన్నగొట్టం పెట్టి సిరంజితో లాగాలి. నోటితో మాత్రం పీల్చకండి. వేడి ఆయిలు చేతులు కాలుస్తుంది.

4. మనం పోయకుండానే ఆయిలు పెరిగితే అనుమానించాలి. డీజిలు వాసనొస్తే డీజిలు కలిసినట్టు. పాలు కలిపిన టీలా ఉంటే నీళ్లు కలిసినట్టు. వెంటనే మేస్త్రికి చూపించాలి.

5. వాడేసిన ఆయిలు గెడ్డలో పారబోయకండి. ఆ నీళ్లు కిందిఊరివాళ్లు తాగుతారు. చేతులకి అంటితే సబ్బుతో కడుక్కోండి.

మా మేస్త్రి అదనపు ఆయిలు దించి, సీలు మార్చాడు. బండి బాగానే తిరుగుతోంది. ముసలమ్మ కూడా కులాసాగా ఉంది. జనరేటరుకీ, నీళ్ల ఇంజనుకీ ఇదే లెక్క. వార్డెన్ గారూ, మన జనరేటరులో ఆయిలు పోసేటప్పుడు నన్ను పిలవండి. ఈసారి గేజి చూసే పోస్తాను.

చివరగా ఒక మాట. తెలియక తప్పు చేస్తే ఆ పూటే చెప్పేయండి. తప్పులుంటే మన్నించగలరు.

— పదో తరగతి విద్యార్థి