టన్ను లెక్క: మంచుగడ్డ నుంచి మొబైల్ హోమ్ ఏసీ వరకు

యంత్రాలు రాకముందు చల్లదనం మంచుగడ్డల రూపంలోనే అమ్ముడుపోయేది. అమెరికాలోని బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ చలికాలంలో గడ్డకట్టిన చెరువుల నుంచి మంచును కోయించి, రంపపు పొట్టులో పేర్చి, 1806లో కరీబియన్ దీవి మార్టినిక్‌కూ 1833లో కలకత్తాకూ ఓడల్లో పంపాడు. మద్రాసు సముద్రతీరాన 1842లో కట్టిన ఐస్ హౌస్ ఆ మంచును నిల్వ చేయడానికి వెలసిన కట్టడమే. నేడు అది వివేకానంద స్మారక భవనంగా నిలిచి ఉంది. ఇంతలో ఫ్లోరిడాలోని అపలచికోలా పట్టణ వైద్యుడు జాన్ గోరీ, జ్వరపీడితుల గదులను చల్లబరచాలన్న తపనతో, గాలిని అదిమిపట్టి తిరిగి వ్యాకోచింపజేసి మంచును తయారుచేసే యంత్రాన్ని రూపొందించి, 1851లో దానికి పేటెంట్ పొందాడు.

మంచు స్థానంలోకి యంత్రం వచ్చినా, యంత్రం చేసే పనిని కొలవడానికి మంచే ప్రమాణంగా మిగిలింది. సున్నా డిగ్రీల సెల్సియస్ వద్ద ఉన్న 2,000 పౌన్ల మంచు, అంటే అమెరికన్ కొలత ప్రకారం ఒక టన్ను మంచు, 24 గంటల్లో కరిగి నీరు కావడానికి ఎంత వేడిని పీల్చుకుంటుందో, అంత వేడిని అదే కాలంలో తొలగించగల యంత్రం ఒక టన్ను యంత్రం. బీటీయూ అంటే ఒక పౌను నీటిని ఒక ఫారెన్‌హీట్ డిగ్రీ మేర వేడెక్కించే ఉష్ణ పరిమాణం; పౌను మంచు కరగడానికి 144 బీటీయూలు కావాలి గనుక, టన్ను మంచుకు రోజుకు 2,88,000, గంటకు 12,000 బీటీయూలు అవుతాయి. విద్యుత్ కొలతల్లో ఇది సుమారు 3.5 కిలోవాట్లు. కాబట్టి ఒకటిన్నర టన్ను ఏసీ అంటే గంటకు 18,000 బీటీయూల వేడిని ఇంట్లోంచి బయటికి తోడిపోసే యంత్రమే తప్ప, దాని బరువుతో ఆ సంఖ్యకు సంబంధం లేదు.

నేటి ఎయిర్ కండిషనర్ వంశం 1902లో న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో ఒక అచ్చు కార్యాలయంలో మొదలైంది. గాలిలోని తేమ హెచ్చుతగ్గులవుతున్నకొద్దీ కాగితం సాగుతూ ముడుచుకుంటూ ఉండటం వల్ల, సాకెట్-విల్హెల్మ్స్ ముద్రణాలయంలో ఒక రంగు మీద మరో రంగు సరిగా కుదిరేది కాదు. ఆ చిక్కును విడదీసే పని యువ ఇంజనీరు విల్లిస్ క్యారియర్‌కు అప్పగించారు. చల్లని గొట్టాల మీదుగా గాలిని పోనిచ్చి, అందులోని ఆవిరిని నీటిబొట్లుగా రాల్చి, గదిలో తేమను 55 శాతం దగ్గర నిలిపే ఏర్పాటును అతను రూపొందించాడు. రోజుకు 1,08,000 పౌన్ల మంచు కరిగితే కలిగే చల్లదనానికి సమానమైన ఆ వ్యవస్థ సామర్థ్యం, పైన చెప్పిన లెక్క ప్రకారం 54 టన్నులు. దీన్నిబట్టి ఏసీ పుట్టుకలోనే రెండు బాధ్యతలు ఉన్నాయని తెలుస్తుంది: గాలి ఉష్ణోగ్రతను తగ్గించడం ఒకటి, గాలిలోని తేమను తీసివేయడం మరొకటి. ఆవిరి నీరయ్యేటప్పుడు విడుదలయ్యే గుప్తోష్ణం, అంటే ఉష్ణమాపకంలో కనిపించకుండా ఆవిరిలో దాగి ఉన్న వేడి, కూడా యంత్రం మీద భారమే.

ఈ యంత్రం ఎంత పరిమాణంలో ఉండాలనే ప్రశ్న అమెరికాలోని మొబైల్ హోముల విషయంలో ప్రత్యేకమైన పదునుతో ఎదురవుతుంది. కర్మాగారంలో ఉక్కు చట్రం మీద పూర్తిగా కట్టి, చక్రాల మీద లాక్కుపోయి స్థలంలో నిలిపే ఈ ఇళ్లకు 1974 నాటి చట్టాన్ని అనుసరించి 1976 జూన్ 15 నుంచి జాతీయ నిర్మాణ ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. అంతకు ముందు తయారైన ఇళ్లలో గోడలు పలచగానూ, వేడిని అడ్డుకునే పొరలు అరకొరగానూ ఉండటం సాధారణం. రోడ్డు మీద ప్రయాణించవలసి రావడం వల్ల ఈ ఇల్లు సన్నగా, పొడవుగా ఉంటుంది. 14 అడుగుల వెడల్పు, 70 అడుగుల పొడవు గల ఇంటి నేల 980 చదరపు అడుగులు. గోడలు ఎనిమిది అడుగుల ఎత్తున ఉంటే వాటి మొత్తం వైశాల్యం 1,344 చదరపు అడుగులు. అదే నేల వైశాల్యంతో చతురస్రాకారంలో కట్టిన ఇంటికి సుమారు 1,000 చదరపు అడుగుల గోడే సరిపోతుంది. అంటే అదే జాగాకు మూడో వంతు ఎక్కువ గోడ ఎండకు ఎదురుగా నిలుస్తుంది. 70 అడుగుల పక్క పడమటికి తిరిగి ఉంటే, సాయంకాలపు ఎండ అంతా ఆ గోడ మీదా కిటికీల మీదా పడుతుంది. అదే ఇంటిని తూర్పు పడమరలుగా పొడవు వచ్చేలా నిలిపితే భారం తగ్గుతుంది.

చదరపు అడుగుకు 20 బీటీయూలన్న స్థూల లెక్క ప్రకారం ఆ ఇంటికి గంటకు 19,600 బీటీయూలు, అంటే 1.6 టన్నులు చాలు. అయితే ఈ లెక్కకు ఇంటి పైకప్పు ఎలాంటిదో, కిటికీలు ఎటు ఉన్నాయో, ఊరు ఏదో తెలియదు. నల్లని రేకు పైకప్పు కింద ఉష్ణోగ్రత 130 ఫారెన్‌హీట్ డిగ్రీలు, అంటే సుమారు 54 సెల్సియస్ డిగ్రీలు, గది లోపల 75 ఫారెన్‌హీట్ డిగ్రీలు ఉన్నాయనుకుంటే, వేడిని అడ్డుకునే పొర బలాన్ని సూచించే ఆర్ విలువ 7 అయినప్పుడు 980 చదరపు అడుగుల కప్పు గుండా గంటకు 7,700 బీటీయూలు లోపలికి దిగుతాయి. ఆర్ విలువను 21కి పెంచితే అది సుమారు 2,570కి పడిపోతుంది. ఒక్క కప్పును సరిచేయడం వల్లనే అర టన్నుకు కాస్త తక్కువగా భారం తగ్గుతుందన్నమాట. గోడలు, కిటికీలు, సందుల్లోంచి దూరే గాలి, తీరికగా కూర్చున్నా గంటకు దాదాపు 400 బీటీయూలు వెలువరించే మనుషులు, ప్రతి వాట్‌కూ 3.4 బీటీయూల వంతున వేడినిచ్చే దీపాలూ పొయ్యిలూ, ఇవన్నీ కలిపి కూడితే వచ్చే మొత్తమే ఉష్ణభారం. అమెరికాలో ఇళ్లకు ఈ లెక్క వేయడానికి మాన్యువల్ జె అనే పద్ధతిని అనుసరిస్తారు.

లెక్క తప్పినా ఫరవాలేదు, కాస్త పెద్దది తీసుకుంటే మేలన్న నమ్మకం అన్ని చోట్లా ఉంది గాని, ఆ అదనపు చల్లదనం కోరిన సుఖాన్ని ఇవ్వదు. అవసరానికి మించిన యంత్రం కొద్ది నిమిషాల్లోనే గాలిని చల్లబరచగా, థర్మోస్టాట్ దాన్ని ఆపేస్తుంది. గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట, అంటే కాయిల్, పూర్తిగా చల్లబడి నీరు రాల్చడం మొదలుపెట్టేలోపే పని ముగిసిపోవడంతో తేమ ఇంట్లోనే మిగిలిపోతుంది. హ్యూస్టన్ వంటి తేమ ఊళ్లలో ఈ చెమ్మ గోడల్లో బూజుకు దారితీస్తుంది. ఫ్లోరిడా సౌర శక్తి కేంద్రం పరిశోధకులు మొబైల్ హోముల్లో చెమ్మ దెబ్బతీసిన గోడలను పరిశీలించినప్పుడు, కారుతున్న గాలి గొట్టాలతో పాటు అతి పెద్ద ఏసీలూ కారణాల్లో కనిపించాయి. ఫీనిక్స్ వంటి ఎడారి నగరంలో తేమ బాధ తక్కువ. అయితే యంత్రం మీద రాసే సామర్థ్యం బయట 35 సెల్సియస్ డిగ్రీలున్నప్పుడు కొలిచినది కాబట్టి, 46 డిగ్రీల ఎండలో అది తగ్గిపోతుందని గుర్తుంచుకుని లెక్క వేయాలి. వేగాన్ని మార్చుకునే ఇన్వర్టర్ యంత్రాలు అతి పెద్ద ఏసీతో వచ్చే చిక్కును కొంత తగ్గిస్తాయి గాని, వాటికీ ఒక కనిష్ఠ స్థాయి ఉంటుంది గనుక పూర్తిగా తొలగించవు.

మొబైల్ హోముల్లో మరో హద్దు నేల కింద దాగి ఉంది. చాలా ఇళ్లలో గాలి గొట్టాలు నేల పలకల కింద పొడవునా సాగుతాయి. వాటి కొలతలు కర్మాగారంలోనే నిర్ణయమైపోతాయి. టన్నుకు నిమిషానికి సుమారు 400 ఘనపు అడుగుల గాలి కాయిల్ మీదుగా వెళ్లాలి గనుక, రెండు టన్నులకు 800, మూడు టన్నులకు 1,200 ఘనపు అడుగులు కావాలి. సన్నని గొట్టాలకు పెద్ద యంత్రాన్ని తగిలిస్తే గాలి చాలక, కాయిల్ మీద మంచు పేరుకుని, చల్లదనం పెరగకపోగా ఆగిపోతుంది. గొట్టాలు కారితే చల్లని గాలి ఇంటి కిందికి పోవడమే కాక, ఆ లోటును భర్తీ చేయడానికి బయటి వేడి తేమగాలి సందుల్లోంచి లోపలికి వస్తుంది. అందుకే జాతీయ ప్రమాణాలు ప్రతి ఇంటితోనూ ఒక ధ్రువపత్రం ఇవ్వాలని నిర్దేశించాయి. సెంట్రల్ ఏసీకి తగిన గొట్టాలున్న ఇంట్లో అవి ఎన్ని బీటీయూల యంత్రం వరకు సరిపోతాయో ఆ పత్రంలో ఉంటుంది. ఇంటి స్థలం, దిక్కు, నిర్మాణాలను బట్టి ఉష్ణభారాన్ని లెక్కించాలనీ, యంత్రం సామర్థ్యం ఆ లెక్కకు దగ్గరగా ఉన్నప్పుడే పొదుపూ సుఖమూ కలుగుతాయనీ ఆ ప్రమాణాల పాఠంలోనే ఉంది.

విశాఖ తీరపు తేమకూ రామగుండం పొడి ఎండకూ, చెట్టు నీడలోని ఇంటికీ పై అంతస్తు స్లాబు కింది గదికీ, రేకుల ఇంటికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. మొదట కప్పును సరిచేసి, సందులు మూసి, పడమటి కిటికీలకు నీడ కల్పించి, గొట్టాలుంటే వాటి కారుడు ఆపి, ఆ తర్వాతే ఉష్ణభారాన్ని లెక్కించి యంత్రాన్ని ఎంచుకోవాలి. గది పొడవు వెడల్పులు మాత్రమే అడిగి టన్నులు చెప్పే విక్రేత మాట మీద ఆధారపడకుండా, పైకప్పునూ కిటికీల దిక్కునూ ఊరి వాతావరణాన్నీ అడిగి తెలుసుకున్న తర్వాతే సంఖ్య చెప్పే వ్యక్తి దగ్గరే ఏసీ కొనడం ఇంటికీ కరెంటు బిల్లుకూ మేలు.