ఉదజని ఏ కర్బనమును చేరును?

మద్యసారమును గాఢ గంధకామ్లముతో కలిపి 170 డిగ్రీల వఱకు కాచగా వెలువడు ఇథిలీను వాయువును కాస్టిక్ సోడా ద్రావణముగుండ కడిగి, బ్రోమీను నీరు నింపిన పరీక్షనాళికలోనికి బుడగలు బుడగలుగా పంపినయెడల, ఆ నీటి నారింజవన్నె క్రమముగా పలుచబడి తుదకు బొత్తిగా మాసిపోవును. ఆ కడుగుట వృథాశ్రమ కాదు. కాచునపుడు ఇథిలీనుతోపాటు పుట్టు గంధక డయాక్సైడు సైతము బ్రోమీను వన్నెను హరింపజాలును గనుక, దానిని తొలగించిననే ఇథిలీను గుణము నిస్సందేహముగా తేలును. కళాశాలలో తొలిసారి ఆ నాళికను చేతబట్టి, రంగు విఱిగిపోవుట కన్నార్పక చూచిన దినము నేటికిని నాకు మఱపునకు రాలేదు.

మీథేనుతో ఇట్టిది జరుగదు. చీకటిలో బ్రోమీను దానిని తాకనైన తాకదు. వెలుతురు సోకినచో ఒక ఉదజని పరమాణువును వెడలగొట్టి ఆ స్థానము నాక్రమించును. ఇథిలీనునందైతే రెండు కర్బనములను కలుపు ద్విబంధములో ఒక జత ఎలక్ట్రానులు అణుతలమునకు పైనను క్రిందను పఱచుకొని, ఎలక్ట్రానులను కోరి వచ్చు ద్రవ్యమునకు సులభముగా చిక్కునట్లుండును. కావున ఇచట దేనిని తొలగింపనక్కఱ లేకయే క్రొత్తది వచ్చి చేరును. దీనికే సంకలనమని పేరు.

ఇథిలీనులో కర్బనములు రెండును సమానములు. ప్రొపిలీనులోనో, ద్విబంధపు కొనయందలి కర్బనమునకు రెండు ఉదజనులును, నడిమిదానికి ఒక్కటియు కలవు. ఉదజని బ్రోమైడు దీనితో కలియునపుడు ఉదజని ఏ వైపునకు పోవలెను? కజాన్ విశ్వవిద్యాలయమునందలి మార్కోవ్నికోవ్ 1870లో ప్రకటించిన నియమము ప్రకారము, అది ఉదజనులు ఎక్కువగా గల కర్బనమునే చేరును. కలవానికే కలిమి యన్నట్లు. దీనికి హేతువు నడుమ పుట్టు అల్పాయుష్క రూపమున నున్నది. ఉదజని అయాను ముందుగా కొనకర్బనమును పట్టుకొనగా, ధనావేశము నడిమి కర్బనముపై నిలుచును. దాని కిరువైపుల నున్న మిథైల్ సమూహములు రెండును తమ ఎలక్ట్రానులను కొంత ఇచ్చి ఆ లోటును పంచుకొనును; కొనయందు నిలిచినచో ఆ సాయము ఒక ప్రక్కనుండియే లభించును. పిమ్మట బ్రోమైడు అయాను వచ్చి ఆ నడిమిచోటనే స్థిరపడును.

అయినను ఒకే ద్రవ్యములను కలిపినవారికి ఒకచోట ఒక ఫలితమును, వేఱొకచోట దానికి విపరీతమును లభించుచు, శాస్త్రజ్ఞులను బహుకాలము వేధించినవి. 1933లో చికాగోలో ఖరాష్, మేయో అనువారు ప్రొపిలీనునకు దగ్గఱి చుట్టమైన అల్లైల్ బ్రోమైడును పరీక్షించి, గాలి సోకి పుట్టిన పెరాక్సైడులే ఇందులకు కారణమని నిరూపించిరి. వాని లేశము చాలును. బ్రోమీను పరమాణువు విడివడి ఉదజనికంటె ముందుగా ద్విబంధమును చేరును. చేరునది కొనకర్బనమునే, ఏలయన అపుడు ఒంటరి ఎలక్ట్రాను నడిమి కర్బనముపై, అనగా నిలుకడగల చోటనే, మిగులును. ఒంటరి ఎలక్ట్రానుగల ఆ ప్రాతిపదిక మఱియొక ఉదజని బ్రోమైడు అణువునుండి ఉదజనిని లాగుకొని, ఇంకొక బ్రోమీను పరమాణువును విడుచును, గొలుసు సాగిపోవును. ఫలితము తలక్రిందులైనను, నిలుకడగల నడిమిరూపమును వరించు ప్రకృతిస్వభావము మాఱలేదనుట నాకు మిక్కిలి మనోహరముగా తోచును.

ఉదజని క్లోరైడునందు ఈ వైపరీత్యము కానరాదు. దాని బంధము దృఢమగుటచే ప్రాతిపదిక దానినుండి ఉదజనిని సులువుగా లాగుకొనజాలదు. ఉదజని బ్రోమైడుతో పనిచేయువాడు మాత్రము, సగము ఖాళీయై బహుదినములు బీరువాలో నిలిచిన సీసాలోని అల్లైల్ బ్రోమైడువంటి ద్రవమును మఱల స్వేదనము చేసి, గాలి చొరకుండ కాపాడిన పిదపనే చేపట్టవలెను.